వెన్నరంగు సీట్లు

ముందు చప్పుడు వస్తుంది. ఎల్బీ నగర్ మెట్రో స్తంభాల నీడ దాటి మా వీధిలోకి తిరిగే మలుపు దగ్గర ఒక బరువైన గురగుర, ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు. దాని వెంటే ఒక సన్నని ఈల. తర్వాత స్పీడ్ బ్రేకరు మీద కారు అడుగు రాసుకున్న చప్పుడు. అప్పటికే కుక్కలు లేచి పక్కకు జరిగి ఉంటాయి. ఇంజనీరింగు చదివే పిల్లవాడెవడో ఎగిరిపడుతున్నాడని అనుకుంటారు మా వీధికి కొత్తగా వచ్చినవాళ్లు. కారు ఆగుతుంది. తలుపు తెరుచుకుంటుంది. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, రెండో చేత్తో తాళంచెవి బొడ్లో దోపుకుంటూ ప్రసన్నలక్ష్మి దిగుతుంది.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. సొంతూరు పోచంపల్లి దగ్గర ఒక మగ్గాల ఊరు. ఇల్లిల్లూ తిరిగి చీరలు అమ్ముతుంది. ఎర్రటి చిన్న కారు ఆమెది. చూపుకు చిన్నదే గాని ఇంజను మాత్రం దాని ఒంటికి మించినది. టర్బో ఉన్న బండి. సెలవు రోజు తెల్లవారుజామున ఔటర్ రింగు రోడ్డు మీద ఒంటరిగా పోనివ్వడానికి ఇష్టపడి కొనుక్కునే రకం. అలాంటి బండి డిక్కీ మూత తాడుతో కట్టి ఉంటుంది. సందులోంచి నూలు కట్టలు తొంగి చూస్తుంటాయి. పైన పట్టీల మీద ఒకరోజు మడత మంచం ఉంటుంది, ఒకరోజు ఇత్తడి గంగాళం.

ఇంత మంచి బండిని ఇలా ఎందుకు వాడుతున్నావని మొదట్లో అందరూ అడిగేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. అసలు సంగతి చాలా కాలానికి, ఒక మధ్యాహ్నం చీరలు మడతపెడుతూ చెప్పింది. ఆమె చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ కారు ఒకప్పుడు మురళీకృష్ణది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద అతనికి చీరల షాపుంది. తెనాలి వైపు నుంచి వచ్చి పాతికేళ్లలో నిలదొక్కుకున్న మనిషి. ప్రసన్నలక్ష్మి తొమ్మిదేళ్లు ఆ షాపులో పోచంపల్లి చీరల కౌంటరు చూసింది. ఆమె తండ్రి వెంకటనర్సయ్య నేయించిన చీరలు కూడా అక్కడికే వచ్చేవి. ఆయనది చిటికి కట్టే పని. నూలును మగ్గం ఎక్కించకముందే, రంగు తగలకూడని చోటల్లా సన్నటి రబ్బరు పట్టీలు బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచుతారు. పువ్వు మగ్గం మీద పుట్టదు, అంతకు చాలా ముందే ఆ వేళ్ల మధ్య పుడుతుంది. నలభై అయిదేళ్లు ఆ పని చేసిన చేతులవి. మణికట్టు దాకా ఎరుపు, గోళ్ల కింద నీలం.

ఎర్ర కారును మురళీకృష్ణ షాపు ముందు, గల్లా నుంచి కనిపించేలా నిలిపేవాడు. సీట్లకు వెన్నరంగు తోలు కుట్టించాడు. రోడ్డు మీద బస్సు హారను మోగితే ముందు కారు వైపు చూసి, తర్వాత బేరానికి తిరిగేవాడు.

నాలుగేళ్ల కిందట జులైలో ఒకరోజు. పొద్దుటి నుంచి వాన. వెంకటనర్సయ్య చీరల మూటతో బస్సు దిగి షాపుకొచ్చాడు. మూట విప్పి కౌంటరు మీద పెడుతుండగా ఒక చీర చేతిలోంచి జారింది. వంగి తీయబోయాడు. వేళ్లు పట్టుకోలేదు. ఏదో అనబోతే మాట నాలుక మీదే మెలిపడింది.

“సార్, మా నాయినకు మూతి వంకరపోతుంది. బయట కారుంది గద, జర దవాఖానకు తీస్కపోదాం,” అంది ప్రసన్నలక్ష్మి.

మురళీకృష్ణ లేచాడు. తాళంచెవి మీద చెయ్యి వేశాడు కూడా. అప్పుడు ముసలాయన చేతులు అతని కంటపడ్డాయి.

“కంగారు పడకమ్మా, ఆటో పిలుస్తున్నాగా. సీట్లు మొన్ననే కుట్టించాను. ఆ రంగు అంటుకుందంటే ఇంక పోదు.”

అదే మనిషి, అదే కౌంటరు దగ్గర, అరగంట ముందు ఒకావిడకు చీర పరిచి చెప్పాడు: “రంగు పోతే తెచ్చి నా మొహాన కొట్టండమ్మా. పోచంపల్లి రంగు. మనిషి పోవాల్సిందేగానీ రంగు పోదు.”

వానలో ఆటోలు ఆగలేదు. ఆగిన ఆటో చైతన్యపురి దగ్గర నీళ్లలో చిక్కుకుంది. ఇంకొంచెం ముందు తెచ్చుంటే చెయ్యి దక్కేదని డాక్టరు అన్నాడు. మాట సగం తిరిగి వచ్చింది. కుడిచేతి వేళ్లు రాలేదు.

మర్నాటి నుంచి ఆమె షాపుకు వెళ్లలేదు. కౌంటరు కింద విడిచిన చెప్పులు కూడా తెచ్చుకోలేదు. తల్లిదండ్రులను ఎల్బీ నగర్‌లో రెండు గదుల కిరాయి ఇంటికి తీసుకొచ్చింది. మేడ మీద రంగు తొట్లు పెట్టించింది. తల్లి భాగ్యమ్మ చిటికి కడుతుంది. వెంకటనర్సయ్య ఎడమచేత్తో నూలు ముంచుతాడు. ఆ నూలును ఊళ్లో మగ్గాలకు చేర్చి, చీరలు తెచ్చి అమ్ముతుంది ఈమె. బతుకు మెల్లగా దారిన పడింది. ఆ రోజు సంగతి మర్చిపోయావేమో అనుకున్నానని నేనన్నాను.

“యాది మరుస్తరా అక్కా? చిటికి కట్టిన నూలు చూసినవా? ఎన్ని రంగులల్ల ముంచినా కట్టు కిందున్న తావు తడవది. నా కడుపుల గంత జాగ పొడిగనే ఉండె. ఆయనొచ్చి మా నాయిన ముఖం చూడాలె. చూసి తలకాయ దించాలె. గంతే నాకు కావాల్సింది.”

కారు దొరకడం మాత్రం ఆమె పన్నిన పన్నాగం కాదు. తిరగడానికి ఏదో ఒక పాత బండి కావాలని నాగోల్ రోడ్డులో అశోక్ అనే బ్రోకరు దగ్గరికి వెళ్లింది. తెల్ల కార్ల వరుసలో చివర, టార్పాలిన్ కింద, ఒక ఎర్ర అంచు కనిపించింది. టార్పాలిన్ ఎత్తి నంబరు చూసింది. తొమ్మిదేళ్లు రోజూ చూసిన నంబరు.

“గది నీకు పనికిరాదక్కా,” అన్నాడు అశోక్. “పోరగాండ్ల బండి. క్లచ్ గట్టిగుంటది, కిందికుంటది, గుంతల పడితే నడుములిరుగుతయి. పెట్రోల్ నీళ్ల లెక్క తాగుతది. దినాం తిప్పే బండి కాదు. దీన్ని పూజ చేస్కోవాలె.”

“దినాం తిప్పనీకే తీస్కుంట. అమ్మినాయన ఎట్ల తిప్పేది?”

“ఆయన తిప్పిందెక్కడ? వానొస్తే తియ్యడు, ఎండొస్తే తియ్యడు. పెండ్లాంను గూడ కాళ్లు దులుపుకోని ఎక్కమంటడట.”

“మరెందుకమ్మిండు?”

“ఇంటికి పెద్ద బండొచ్చింది, రెండిటికి జాగ లేదు. అబద్ధమెందుకక్కా, కండ్లల్ల నీళ్లు పెట్టుకోని ఇచ్చిండు. మంచిగ చూస్కునేటోళ్లకే ఇయ్యి అన్నడు.”

“నేను మంచిగనే చూస్కుంట తమ్మీ.”

చీరను ఎలా చూస్తుందో బండినీ అలాగే చూసింది. అచ్చు వేసిన నకిలీ చీరకు ముఖమే ఉంటుంది, వీపు ఉండదు. తిప్పితే వెలవెలబోతుంది. చిటికి కట్టి నేసిన చీరకు రెండు వైపులా ఒకటే. ఆమె బానెట్ ఎత్తి దాని వెనక్కి చూసింది. డిక్కీలో చాప లేపింది. తలుపుల రబ్బరు లాగి దాని కింద అసలు ఎరుపును చూసింది. బెల్టు ఎప్పుడైనా మార్చారేమోనని సీటు బెల్టు చివరి దాకా గుంజి, అక్కడ దాగిన పట్టీ మీద తేదీ చదివింది. ఎక్కడా మళ్లీ వేసిన రంగు లేదు. “ఆయన దీన్ని నిజంగనే పాణంలెక్క చూస్కున్నడక్కా. ఒక్క గీత లేదు. గది చూసి ఇంక మండింది,” అని చెప్పింది.

కొన్నవాళ్లనూ అమ్మినవాళ్లనూ బ్రోకర్లు ఎదురుపడనివ్వరు. కలిస్తే ధరలు చెప్పుకుంటారని వాళ్ల భయం. మురళీకృష్ణ సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు అశోక్ దగ్గర ఒక కవరులో ఉన్నాయి. ఎవరు కొంటే వాళ్లు తీరికగా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్లి పేరు మార్పించుకుంటారు. ఊరంతా చేసే పని అదే, ఊరంతా చేసే తప్పూ అదే. ఆమె ఆ కవరు తెచ్చి బియ్యం డబ్బా మీద పెట్టింది. ఆ రోజుకు అంతకుమించి ఆలోచన లేదు.

మర్నాటి నుంచి ఎర్ర కారు పని మనిషైంది. సీట్లకు కవర్లు వేయించలేదు. తడి నూలు, రంగు డబ్బాలు, ఊళ్లో మగ్గానికి కావలసిన కొయ్యలు, ఎండాకాలం బాటసింగారం పండ్ల మార్కెట్టు నుంచి రసం కారే మామిడి బుట్టలు. వానలో తడిసింది, ఎండలో కాలింది. మురళీకృష్ణ ముట్టనివ్వని ప్రతి చోటా ఒక గీత పడింది. పడినప్పుడల్లా ఆమె లోపల ఎక్కడో ఒక దీపం వెలిగేది.

తండ్రి ముందు సీట్లో కూర్చునేవాడు. మూడేళ్లు నాలుగు గోడల మధ్య ఉన్న మనిషి. మొదటి రోజు ఎల్బీ నగర్ అండర్‌పాసులో దిగి పైకి లేస్తూ ఆమె గేరు మార్చితే ఆ ఈల వినిపించింది. “మగ్గం ఊపిరి తీస్కున్నట్టుంది బిడ్డా,” అన్నాడు. తర్వాత రోజు నుంచి తెల్లవారకముందే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల మీద కూర్చునేవాడు. ఎడమచెయ్యి కిటికీ బయట పెట్టి గాలిని తడిమేవాడు. ఇటు పోదాం, అటు పోదాం అనేవాడు. ఆ సీట్లో కూర్చున్నాకే, ఆ ఎగుడుదిగుడు మాటల్లోనే, మళ్లీ కబుర్లు చెప్పడం మొదలుపెట్టాడు.

ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో చీర ఇవ్వాల్సి వచ్చి, మురళీకృష్ణ షాపుకు ఎదురుగా, ఆపకూడని చోట ఆపింది. తిరిగి వచ్చేసరికి పోలీసాయన ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నాడు. రెండు రోజులైనా ఆమె ఫోనుకు చలానా సందేశం రాలేదు. అనుమానం వచ్చి పోలీసుల వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి చూసింది. చలానా ఉంది. కింద ఫొటో ఉంది. తాడు కట్టిన డిక్కీ, వేలాడే నూలు, కిటికీలోంచి బయటికి వచ్చిన ఒక ఎర్రని చెయ్యి, దాని పైన తండ్రి ముఖం. సందేశం ఎక్కడికి వెళ్లి ఉంటుందో అప్పుడు అర్థమైంది. కాగితాల్లో బండి ఇంకా మురళీకృష్ణదే.

ఆ ఫొటో వంక చాలాసేపు చూసిందట. ఎవరికీ చెప్పని మాట ఎవరో చెప్పేసినట్టు అనిపించిందట.

ఆ తర్వాత వారానికోసారి అక్కడే ఆపింది. ఎక్కడ నిలిపితే తండ్రి ముఖం పడుతుందో కనిపెట్టింది. “ఇప్పుడే వస్త నాయినా, బేరముంది,” అని దిగి, సందు మలుపులో చాయ్ తాగుతూ నిలబడేది. పోలీసాయన ఫొటో తీశాకే వెనక్కి వచ్చేది. నూలు కట్టలతో ఒక ఫొటో. గంగాళంతో ఒక ఫొటో. వినాయక చవితికి కారు నెత్తి మీద పత్రి మూటలతో ఒకటి. అన్నీ నడిచి వెళ్లి అతని జేబులో దిగేవి.

కొన్నాళ్లకు అశోక్ ఫోను చేశాడు.

“అక్కా, గా సార్ పరేషాన్ ఐతుండు. జర పేరు మార్చుకోరాదు.”

“ఆయన చలాన్లకు పరేషాన్ ఐతుండా, బండిని చూసి ఐతుండా?”

“చలాన్ల ముచ్చటనే ఎత్తలేడు. పైన మంచం కట్టిర్రా అశోక్ అని అడుగుతుండు. సన్‌రూఫ్ మీద కట్టిర్రా అని అడుగుతుండు.”

“మంచం తేలికదే అని చెప్పు.”

మొదట్లో కొన్నదెవరో మురళీకృష్ణకు తెలియదు. ఒక ఫొటోను పెద్దది చేసి చూస్తూ, మంచాన్ని చూసి, తాడును చూసి, చివరికి కిటికీలో మనిషిని చూశాడు. ఆ వారమే అడ్రసు కనుక్కుని వచ్చాడు.

మంగళవారం పదకొండు గంటల వేళ. భాగ్యమ్మ చేతిలో నూలు పక్కన పెట్టి లేచి, గడప తొక్కిన మనిషి కదా అని చెంబుతో నీళ్లిచ్చింది. వెంకటనర్సయ్య మెట్ల మీద, ఇస్త్రీ చొక్కాలో, కారు బయలుదేరే వేళ కోసం కూర్చుని ఉన్నాడు. మురళీకృష్ణ ఆయన వైపు చూడకుండా సరాసరి కారు దగ్గరికి వెళ్లాడు. చుట్టూ తిరిగాడు. ఒక గీత మీద వేలు పెట్టి తీసేశాడు.

“ఏంటమ్మా ప్రసన్నా ఇది? కోపముంటే నన్నడగాలి. బండేం చేసింది?”

“కోపం లేదు సార్. మంచిగ నడుస్తుంది మీ బండి.”

“పేరన్నా మార్చుకో. రేపేదన్నా జరిగితే పోలీసులు నా గుమ్మంలోకొస్తారు.”

“మీరొక్కటి చూపియ్యండి. ఇయ్యాల్నే మార్చుకుంట.”

“ఏం చూపించాలి?”

ఆమె ముందు తలుపు తెరిచింది. “ఏడాదిసంది మా నాయిన గా సీట్లనే కూసుంటుండు. చేతులు గప్పటి లెక్కనే ఉన్నయి. రంగు ఏడంటిందో చూపియ్యండి.”

అతను నవ్వబోయాడు. ఆమె తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి మోకాలు నేలకానించి వంగాడు. వెన్నరంగు సీటు ఇప్పుడు వెన్నరంగులో లేదు. కుట్ల వెంట వేలు నడిపిస్తూ, రుమాలు తడిపి తుడుస్తూ, వెతకడం మొదలుపెట్టాడు.

“ఇదిగో. ఇక్కడ.”

“గది మామిడి రసం.”

“ఇది?”

“చాయ్. మా అమ్మ పోసింది.”

“మరి ఈ ఎర్రది?”

“నాకి చూడండి. పచ్చడి.”

సీటు వీపు చూశాడు, అంచు చూశాడు, చెయ్యి ఆనించే చోటు చూశాడు. బురద ఉంది, నూనె ఉంది, తుప్పు ఉంది. దొరికితే బాగుండునని అతని వీపే చెబుతోంది.

“గా చేతులకు సబ్బుతోని పోలే, కిరోసిన్ తోని పోలే. మీ సీటుకంటుతదా సార్? దినాం వచ్చేటోళ్లందరికి చెప్పేటోళ్లు గద, పోదని. మీరు చెప్పేది మీరే నమ్మలే.”

అతను లేవలేదు. మోకాళ్ల మీదే, తల దించుకుని, “తప్పేనమ్మా,” అన్నాడు. “ఆ రోజు నాకెలా తోచిందో నాకే తెలీదు. తర్వాత చాలాసార్లు అనుకున్నాను.”

“అనుకున్నరు. రాలేదు.”

నాలుగేళ్లు ఎదురుచూసిన క్షణం అది. ఎలా ఉందని అడిగాను. “చల్లగున్నదక్కా. ఎండకాలంల కుండనీళ్లు తాగినట్టే ఉన్నది,” అంది. దాచుకోలేదు.

మురళీకృష్ణ లేచి, మోకాళ్లు దులుపుకోకుండానే మెట్ల దగ్గరికి నడిచాడు. ఈ చలాన్ల గొడవేదీ వెంకటనర్సయ్యకు తెలియదు. ఆయనకు తెలిసింది ఒక్కటే, బిడ్డ కారు కొన్నది, తనను తిప్పుతున్నది.

“బాగున్నారా పెద్దాయనా?”

“మంచిగున్న సార్. మీ బండి శాన మంచిది. బిడ్డ దినాం తిప్పుతది.”

“మీరన్నా చెప్పండి అమ్మాయికి. పేరు మార్చుకోమనండి. చూడండి ఎన్ని వస్తున్నాయో నాకు.” ఫోను తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. అందులో కసి లేదు, అలసటే ఉందని ప్రసన్నలక్ష్మి కూడా ఒప్పుకుంటుంది. కాని ఆ ఫోను లాక్కోవడానికి ఆమె రెండు అడుగులు ఆలస్యమైంది.

వెంకటనర్సయ్య ఎడమ బొటనవేలితో ఒక్కో ఫొటో జరిపాడు. చీర అంచు పరీక్షించే మనిషి, ఏదీ వదిలిపెట్టడు. అదే రోడ్డు, అదే షాపు. ప్రతి దాంట్లోనూ తను. ఒక దాంట్లో నవ్వుతున్నాడు. ఒక దాంట్లో కూతురు వెళ్లిన వైపు మెడ తిప్పి చూస్తున్నాడు.

“ఆడ ఆగినప్పుడల్ల బేరమున్నదంటివి గద బిడ్డా,” అన్నాడు.

ఫోను కోసం చాచిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది.

“నన్ను తిప్పనీకె అనుకున్న.” ఫోను మురళీకృష్ణకు తిరిగి ఇచ్చాడు. “ఈయన సంతకమేదో అడుగుతుండు, పెట్టియ్యి.” గోడ పట్టుకుని లేచి లోపలికి పోయాడు. మురళీకృష్ణ చెంబులో మిగిలిన నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే ప్రసన్నలక్ష్మి బియ్యం డబ్బా మీది కవరు దించింది. చలాన్లన్నీ తనే కట్టి, పేరు మార్పించుకుంది. బండి ఇప్పుడు కాగితాల్లో కూడా ఆమెదే. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాల్సి వస్తే చుట్టు తిరిగి, మలక్‌పేట వైపు నుంచి వస్తుంది. డిక్కీకి ఇంకా తాడే.

మొన్న వచ్చినప్పుడు కారులో నూలు కట్టలే ఉన్నాయి. నాన్నగారు రాలేదా అని అడిగాను. చూపించిన చీరలన్నీ మడతపెట్టి మూటకు ముడి వేసేదాకా ఆమె తల ఎత్తలేదు. తర్వాత చెప్పింది.

“రాడక్కా. మోకాళ్లు నొస్తున్నయంటడు. మేడ మీద రంగు ముంచుకుంట కూసుంటడు, కిందికి తొంగి చూడడు. గీ పాపం గూడ మురళీకృష్ణ మీదనే ఎయ్యాల్నని పొద్దుగాల బండెక్కుడుతోనే మొదలుపెడ్త. నువ్వు ఫోను చూపియ్యకుంటే ఐపోతుండె గదరా అని దారిపొంట తిట్టుకుంట పోత. ఎల్బీ నగర్ సిగ్నల్ దాంక మంచిగనే నడుస్తది గా మాట. ఆడ రెడ్ పడ్తది, పక్క సీటు దిక్కు చూస్త, నోరు బందయితది. గ్రీన్ పడంగనే మళ్ల మొదటికెళ్లి షురూ చేస్త.”